విమానాల రేవులో కాఫీ

తెలుగువాడికి ప్రయాణమంటే మూడు చింతలు. సామాను సరిగా చేరుతుందా, పక్కసీటులో ఎవరు కూర్చుంటారు, దారిలో కాఫీ ఎల్లా వుంటుంది? మొదటి రెండూ దైవాధీనాలు. మూడోది మాత్రం మనుష్యుల చేతిలో వున్న పని. అందుకనే ఈ వారం దాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మేము కాపురం వుండేది శంషాబాదు వేపున. మా వీథిలో ఏ యింటికి చుట్టాలు వచ్చినా సగంమంది విమానం చుట్టాలే. రాత్రి దిగి పొద్దున్నే వూరికి వెళ్ళేవారు కొందరు, పొద్దున వచ్చి రాత్రికి అమెరికా వెళ్ళేవారు కొందరు. వారి పుణ్యమా అని ఏ విమానంలో కాఫీ ఎల్లా వుందో, ఏ దేశంలో పాలు ఎల్లా వున్నాయో మాకు యింట్లో కూర్చునే తెలుస్తూ వుంటుంది. మొన్న మా పొరుగింటికి వచ్చిన దంపతులు, అల్లుడు టిక్కెట్లు కొనిపెడితే వారం రోజులు విహారనౌక మీద తిరిగి వచ్చారు.

"సముద్రం ఎల్లా వుందండీ?" అని అడిగాను.

"సముద్రానికేం, దివ్యంగా వుంది. కాఫీయే..." అని పెద్దాయన ఆగిపోయారు.

ఆవిడ అందుకున్నారు: "కాఫీ కూడా సముద్రం లాగే వుందండీ. ఎంత కావాలంటే అంత. రుచి మాత్రం అడక్కండి!"

ఆవిడ మాటలో అతిశయోక్తి కొంచెమే. 2024 జనవరిలో తొలి ప్రయాణం చేసిన 'ఐకాన్ ఆఫ్ ది సీస్' అనే ఓడలో 7,600 మంది ప్రయాణికులు పడతారు. ఇది ఓ పెద్ద గ్రామం జనాభా. ఆ గ్రామమంతా ఏడింటికీ తొమ్మిదింటికీ మధ్య ఒకే భోజనశాలకు కాఫీ కోసం వస్తే ఎవరు మాత్రం గ్లాసు గ్లాసుకూ డికాక్షన్ దించగలరు? అందుకని చాలా ఓడల్లో చిక్కటి కాఫీ పాకాన్ని యంత్రంలో పోసి, మీట నొక్కగానే వేడినీళ్ళతో కలిసి వచ్చేటట్టు చేస్తారు. లేకపోతే పెద్ద పెద్ద పీపాల్లో ముందే కాచి వుంచుతారు. పాలు నెలల తరబడి నిలవ వుండే డబ్బా పాలు. నీళ్ళు చాలావరకు సముద్రపు నీళ్ళే, ఉప్పు తీసేసి మంచినీళ్ళుగా మార్చినవి. లవణాలన్నీ పోయిన నీటిలో కాఫీ చప్పగా దిగుతుందని, కొన్ని తిరిగి కలుపుతారు కూడాను.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. అదే ఓడలో రెండంతస్తులు పైకి ఎక్కి, విడిగా డబ్బు చెల్లిస్తే, అప్పటికప్పుడు గింజలు మరపట్టి, నురగలు కక్కే కాఫీ యిస్తారు. అంటే నేరం సముద్రానిది కాదన్నమాట.

ఓడల సంగతి మనకెందుకని కొట్టివేయడానికి వీల్లేదు. 2022 జూన్‌లో విశాఖపట్నం రేవునుంచి విహారనౌక బయలుదేరి పుదుచ్చేరి, చెన్నపట్నం చూపించింది. 2023 సెప్టెంబరులో అక్కడ యాత్రికుల ఓడల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా ప్రారంభించారు. రేపో మాపో మనలో చాలామందికి ఓడ కాఫీ ప్రాప్తం వుండవచ్చు.

నిజానికి కాఫీకి ఓడకూ వున్న బంధుత్వం యివాళ్టిది కాదు. పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ అనే సాధువు హజ్ యాత్రనుంచి తిరిగివస్తూ, మోకా రేవునుంచి ఏడు కాఫీ గింజలు రహస్యంగా తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడని ఐతిహ్యం. మొలిచే గింజను దేశం దాటనివ్వకుండా అరబ్బులు కాపలా కాసిన రోజులవి. తరవాత తెల్లవారి తెరచాప ఓడల్లో మన మలబారు కాఫీ ఐరోపాకు వెళ్ళేది. ఆఫ్రికా కొస చుట్టి వెళ్ళడానికి దాదాపు ఆరు నెలలు పట్టేది. ఓడ అడుగున చెమ్మకు, ఉప్పుగాలికి గింజలు ఉబ్బి, ఆకుపచ్చ రంగు పోయి పసుపు తిరిగేవి. పులుపు తగ్గి కమ్మదనం వచ్చేది. దొరలు ఆ రుచికే అలవాటు పడ్డారు. 1869లో సూయజు కాలువ తెరవడం, ఆవిరి ఓడలు రావడంతో ప్రయాణం తగ్గింది, రుచీ మారింది. "పాత కాఫీ ఏదీ?" అని కొనేవారు అడగడం మొదలుపెట్టారు. అందుకని పడమటి కోస్తాలో గింజల్ని గోడలు లేని గిడ్డంగుల్లో పరచి, వానాకాలమంతా నైరృతి గాలికి వదలి, ఆ పాత రుచిని తిరిగి తెప్పిస్తున్నారు. దాన్నే 'మాన్‌సూన్డ్ మలబార్' అంటారు.

దీన్నిబట్టి తేలేదేమిటి? గింజ కాచుకుంటే బాగుపడవచ్చు. కలిపిన కాఫీ కాచుకుంటే మాత్రం చెడిపోతుంది. ప్రయాణికుడికి దొరికే కాఫీలో వున్న రోగమంతా యిదే. మనకోసం అది కాచుకుని వుంటుంది. కాచిన డికాక్షన్ పొయ్యిమీద వున్నకొద్దీ సువాసన ఎగిరిపోయి, పులుపూ చేదూ మిగులుతాయి. పాలు మరిగి మరిగి అడుగంటిన వాసన వేస్తాయి. మన హైదరాబాదు ఇరానీ చాయ్ యీ విషయంలో ఓర్పుగల యిల్లాలు. మూత బిగించి దమ్ము మీద గంటలు వుంచినా ఏమీ అనదు, పైగా చిక్కబడి మరింత మర్యాదగా వుంటుంది. కాఫీ అల్లా కాదు. పిలవగానే పలకకపోతే అలిగి వెళ్ళిపోయే కొత్తల్లుడు.

విమానం విషయం కొంచెం వేరు. ఎగిరే విమానంలో గాలి ఒత్తిడిని ఆరు నుంచి ఎనిమిదివేల అడుగుల ఎత్తున్న కొండమీద వున్నట్టు వుంచుతారు. అంటే మనం కూర్చున్నది ఇంచుమించు ఊటీలో అన్నమాట. అక్కడ నీళ్ళు నూరు డిగ్రీలకు కాదు, తొంభైరెండు తొంభైమూడుకే మరుగుతాయి. గాలిలో తేమ యిరవై శాతం కూడా వుండదు. ముక్కు ఎండిపోతుంది. కాఫీ రుచిలో ముప్పాతిక వంతు ముక్కుదే గదా! జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ సంస్థవారు నేలమీదే విమానంలాంటి గది కట్టి, ఒత్తిడి తగ్గించి మనుష్యుల నాలుకలు పరీక్షించారు. ఉప్పూ తీపీ అంతగా తెలియడం లేదనీ, పులుపూ చేదూ మాత్రం ఎప్పటిలాగే తెలుస్తున్నాయనీ తేలింది. రెండు పొట్లాల పంచదార వేసినా ఆకాశంలో కాఫీ చేదుగా ఎందుకుంటుందో యిప్పుడు తెలిసింది గదా. అక్కడ పాపం ఆ అమ్మాయి ఏం చేస్తుంది? ప్రకృతి మీద కేసు పెట్టలేం.

కాని విమానాల రేవు నేలమీదే వుంది. అక్కడ నీళ్ళు నూరు డిగ్రీలకు దరిదాపుల్లోనే మరుగుతాయి. అక్కడ కాఫీ బాగుండకపోతే చెప్పే సాకు ఏమిటి?

2008 మార్చి దాకా మన విమానాలు బేగంపేటలో, వూరి నడుమనే దిగేవి. ఇంట్లో కాఫీ తాగి, ఆ వేడి గొంతులో వుండగానే అక్కడికి చేరేవాళ్ళం. శంషాబాదు ఊరికి యిరవైనాలుగు కిలోమీటర్లు. విదేశీ ప్రయాణమైతే మూడు గంటలు ముందు వుండాలి. పడమటికి వెళ్ళే విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున బయలుదేరుతాయి. అందుచేత ప్రయాణికుడు రాత్రి పదింటికే యిల్లు వదలి, నిద్రలేని కళ్ళతో నాలుగైదు గంటలు కూర్చోవాలి. కాఫీ అవసరం మనిషికి అంతకంటె ఎప్పుడుంటుంది?

పోనీ ఫ్లాస్కులో యింటి కాఫీ పట్టుకుపోదామా? 2006లో లండన్‌లో విమానాలు పేల్చే కుట్ర ఒకటి బయటపడినప్పటినుంచీ, విదేశాలకు వెళ్ళేవారి చేతిసంచిలో ఏ ద్రవమైనా సీసా ఒక్కింటికి 100 మిల్లీలీటర్లు దాటకూడదన్నారు. మా వీథి బామ్మగారు అమెరికా వెళుతూ, "నా డికాక్షన్‌లో ఏం బాంబు వుందిరా?" అని మనవణ్ణి నిలదీశారు. నియమం మంచిదే, ప్రాణాలు కాపాడేది. నేను దాన్ని తప్పు పట్టను. కాని గుమ్మం దగ్గర ఇంటి ఫ్లాస్కును ఆపినవారు, లోపల ఆ ఫ్లాస్కుపాటి కాఫీ యిచ్చే బాధ్యతను నెత్తిన పెట్టుకున్నట్టే. ఇది ఏ ఒక్క రేవుకో చెప్పే మాట కాదు, అన్నిటికీ వర్తిస్తుంది.

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక ఒక మాట మనవి చేస్తాను. ఇంగ్లీషువాడు 'పోర్టు' అని వూరుకున్నాడు. మనం 'విమానాశ్రయం' అన్నాం. అందులో 'ఆశ్రయం' వుంది. ఆశ్రయం అన్న తరవాత వచ్చినవాడు అతిథి, ఖాతాదారుడు కాదు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు ఏ వేళ వచ్చిన బాటసారికైనా వేడి అన్నం పెట్టిందని యిప్పటికీ చెప్పుకుంటున్నాం. ఆమె పెట్టిన కూరలేమిటో ఎవరికీ గుర్తు లేదు. వేళ కాని వేళ వచ్చినవాడికి చద్ది పెట్టలేదన్నది గుర్తుంది.

ధర సంగతి కూడా చెప్పుకోవాలి. 2018లో మాజీ ఆర్థికమంత్రి చిదంబరంగారు చెన్నై విమానాశ్రయంలో టీ అడిగితే, వేడినీళ్ళూ టీ పొట్లమూ చూపించి 135 రూపాయలన్నారట. ఆయన హడలిపోయి వద్దన్నారు. కాఫీ 180 అట. ఇవి ఎవరు కొంటారని అడిగితే, చాలామంది కొంటారని సమాధానం. దేశానికి బడ్జెట్లు వేసిన చెయ్యే వెనక్కి తగ్గితే మనబోటివాళ్ళ మాట చెప్పాలా! 2024 డిసెంబరులో కలకత్తా విమానాశ్రయంలో, పౌర విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం కుర్రవాడు రామ్మోహన్ నాయుడుగారు, పదిరూపాయలకు టీ, యిరవైకి కాఫీ యిచ్చే 'ఉడాన్ యాత్రీ కెఫే' ప్రారంభించారు. జనం బారులు తీరారు. తక్కువ ధరకు యివ్వడం అసాధ్యం కాదని దీనివల్ల రుజువైంది.

ధర విషయం మీకూ నాకూ చికాకు మాత్రమే. జగిత్యాలనుంచో, నిజామాబాదునుంచో గల్ఫుకు కూలికి వెళ్ళే పిల్లవాడిని తలుచుకోండి. అప్పుచేసి వీసా కొన్నాడు. తల్లి, పెళ్ళాం బయటే ఆగిపోయారు. రెండేళ్ళదాకా మళ్ళీ ఈ నేల తొక్కడు. తెల్లవారుజామున మూడింటికి వాడికి ఒక గ్లాసెడు వేడి కాఫీ కావాలనిపిస్తుంది. ధరల పట్టిక చూసి, జేబు తడుముకుని, నీళ్ళ కుళాయి దగ్గరికి వెళతాడు. సొంతగడ్డ మీద ఆఖరి గుక్క వాడికి నీళ్ళే. ఏ విమానాశ్రయానికైనా యిది శోభ కాదు.

మనకు కాఫీ గింజ కరువా? అరకు లోయలో గిరిజన రైతులు సిల్వరు ఓకు చెట్ల నీడన, వాటికి మిరియాల తీగలు పాకించి, పండిస్తున్న కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే, 2017లో, పారిస్ నగరంలో దాని పేరు మీద దుకాణం వెలిసింది. పారిస్‌వాడికి అందిన గింజ మన బాటసారికి అందాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు.

నేను కోరేవి రెండే. రేవు ఏదైనా సరే, లోపల ఒక్క చోటైనా సామాన్యుడు కొనగల ధరకు డికాక్షన్ కాఫీ, రాత్రంతా దొరకాలి. రెండోది, ఆ దుకాణం ముందు పలక వేలాడగట్టి, ఈ డికాక్షన్ ఎన్ని గంటలకు దించామో సుద్దముక్కతో రాయాలి. పొడిలో చికరీ ఎంతో పొట్లం మీద అచ్చువేయమని చట్టం వుంది, అందులో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని కూడా వుంది. పొట్లానికి వున్నపాటి జవాబుదారీ గ్లాసుకు ఎందుకు వుండకూడదు?

పలక వచ్చేదాకా ఒక ఉపాయం. ఈసారి మీరు ప్రయాణంలో కాఫీ అడిగినప్పుడు, డబ్బు యిచ్చేముందు, "ఎప్పుడు దించారు బాబూ?" అని నవ్వుతూ అడగండి. పదిమంది అడిగితే పదకొండోవాడికి తాజా కాఫీ దొరుకుతుంది. ఆ పదకొండోవాడు గల్ఫు కుర్రవాడైతే, మన అడగడం వృథా పోలేదన్నమాట.