విదేశనీతియు విశాఖపట్టణమును

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వైచినప్పుడు, సముద్రమున కావలి రాజకీయములు తమ గుమ్మమున కెంత సమీపమున నున్నవో ఈ నగరవాసులకు తేటపడినది. మరుసటి వత్సరమే ఢిల్లీలో ప్రపంచవ్యవహారముల భారతమండలి వెలసినది. 1947లో ఆసియా దేశముల మహాసభను జరిపినది ఆ మండలియే. నేటికిని ఏటేట ఉపన్యాసములు, గోష్ఠులు, గ్రంథప్రచురణములు సాగించుచున్నది. అందు పాండిత్యమునకు కొఱతలేదు. కాని యవి ప్రధానముగ నిపుణులు నిపుణులకొఱకు ఆంగ్లమున వ్రాసికొనునవి.

విదేశనీతి ఫలము ననుభవించువారు వేఱు. 2018లో పొట్టకూటికై గుజరాతు తీరమునకు వలసపోయి, వేటలో పాకిస్థానువారికి చిక్కిన మన జాలరులలో 20 మంది 2020 జనవరిలోగాని ఇల్లు చేరలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకమును నూటికి 50 వఱకు పెంచగా రొయ్యల రైతులు తల్లడిల్లిరి. విశాఖ ఉక్కు కొలుములకు వలయు కోకింగు బొగ్గు సయితము పెక్కుపాలు పరదేశములనుండి ఓడలపై రావలసినదే. వీరికి ఆ దేశములతోడి మన పొత్తులను, పేచీలను తెలుగున విప్పిచెప్పువా రెవరు?

బంగాళాఖాత రాజ్యముల కూటమియగు బిమ్‌స్టెక్ వారి ఓడరేవుల సభ 2019 నవంబరులో విశాఖలోనే జరిగినది. సభలకు తగిన ఊరు చర్చలకు తగదా? మండలివారు తమ యేడాదిపనిలో కొంతభాగమును ఆంధ్ర విశ్వకళాపరిషత్తుతో గూడి ఇచ్చట, తెలుగుననే జరుపవలెను. ఆచార్యులతోబాటు రేవు వర్తకులను, రైతులను పిలువవలెను. తొలి ప్రసంగము మాత్రము కరాచీ చెఱనుండి తిరిగివచ్చిన జాలరి యొకని కీయవలెను.