మూడో వాటర్ ఫిల్టర్

మొన్న వేసవిలో మా ఊరి బడి పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒకటే హడావిడి. చదువుకున్న బడికి ఏదో ఒకటి చెయ్యాలని అందరి ఆరాటం. కోరుట్లలో దుకాణం నడిపేవాడు, జగిత్యాలలో టీచరుగా ఉన్నామె, దుబాయ్‌లో డ్రైవరు, అమెరికాలో సాఫ్ట్‌వేరు... తలా కొంత వేశారు. ఏం కొనాలన్నదానికి పెద్ద చర్చేమీ జరగలేదు. వాటర్ ఫిల్టర్! పిల్లలకు మంచినీళ్లంటే కాదనేవాళ్లెవరు? పైన ఒక బోర్డు, దాని మీద బ్యాచ్ పేరు. బోర్డు డిజైను కూడా అయిపోయింది.

విషయం చెబుదామని హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు.

‘‘ఏమనుకోకండ్రి. ఫిల్టర్లు ఇప్పటికే రెండున్నయి. వేరే బ్యాచులోళ్లు ఇచ్చిండ్రు. ఒకటి నడుస్తది, ఒకటి ఖరాబై మూలకున్నది. మాకు కావాల్సింది బాత్రూములు కడిగేటామెకు నెలనెలా జీతం. ఆడపిల్లలు పొద్దంత నీళ్లు తాగకుండ ఉంటున్నరు, బాత్రూముకు పోవాల్సొస్తదని.’’

చూశారా! నీళ్లు తాగడానికే భయపడుతున్న పిల్లలకు మేం మూడో వాటర్ ఫిల్టర్ ఇవ్వబోతున్నాం. మా మనసు మంచిదే. డబ్బూ నిజమైనదే. అడగాల్సిన మనిషిని అడగలేదు, అంతే.

ఇది మా ఊరి కథే అనుకుంటే పొరపాటు. కోట్ల డాలర్లు చేతులు మారే అంతర్జాతీయ సాయం కథ కూడా ఇంచుమించు ఇదే.

అయిదు వందల రూపాయలు

ఫోన్ పెట్టేశాక నాకు మూడో తరగతి గుర్తొచ్చింది. 1998 ప్రాంతం. అప్పుడు మాది కరీంనగర్ జిల్లా. ఓ రోజు మా సారు కోరుట్ల నుంచి పెద్ద సంచితో వచ్చారు. చార్టులు, రంగు పెన్సిళ్లు, పూసలు, దారం. చింతగింజలు మమ్మల్నే తెమ్మన్నారు. ఆ ఏడంతా లెక్కలు గింజలతోనే. పది పూసల దండ ‘పది’, విడి పూస ‘ఒకటి’. హెచ్చింపులంటే నాకున్న భయం ఆ పూసల దగ్గరే పోయింది.

ఆ సంచి వెనక అయిదు వందల రూపాయలున్నాయని చాలా ఏళ్లకు తెలిసింది. డీపీఈపీ గుర్తుందా? జిల్లా ప్రాథమిక విద్యా పథకం. 1994లో కేంద్రం మొదలుపెట్టింది. బోధన సామగ్రి తయారుచేసుకోవడానికి ఏటా ఒక్కో టీచరుకు 500, బడికి 2,000 రూపాయలు ఇచ్చేవారు. మన రాష్ట్రంలో తొలి విడత అయిదు జిల్లాలు... కరీంనగర్, వరంగల్, కర్నూలు, నెల్లూరు, విజయనగరం. వాటికి నిధులిచ్చింది బ్రిటన్ ప్రభుత్వం. అంటే, మా చింతగింజల పక్కన పూసలు లండన్ పైసలతో వచ్చాయన్నమాట!

మా సారుకు ఆ సంగతి తెలుసో లేదో. తెలియాల్సిన అవసరం కూడా రాలేదు. అసలు గొప్పతనం అక్కడే ఉంది.

ఒకటే ప్లాను, ఒకటే లెక్క

డీపీఈపీకి డబ్బిచ్చింది ఒక్క బ్రిటనే కాదు. ప్రపంచబ్యాంకు, యూరోపియన్ యూనియన్, నెదర్లాండ్స్, యునిసెఫ్... ఒక్కొక్కరు కొన్ని రాష్ట్రాలకు సాయం చేశారు. మామూలుగా అయితే ఏం జరగాలి? ఒక్కొక్కరికీ ఓ ఆఫీసు, ఓ జీపు, ఓ ఫారం, ఓ ఆడిటరు. జిల్లా విద్యాధికారి పొద్దున ఒకరికి, సాయంత్రం ఇంకొకరికి లెక్క చెప్పుకోవాలి.

ఇక్కడ అలా జరగనివ్వలేదు. పథకం మనది, నియమాలు మనవి. ప్లాను జిల్లాలోనే తయారవ్వాలి. ఖర్చులో 85 శాతం కేంద్రం ద్వారా, 15 శాతం రాష్ట్రం నుంచి. దాతలంతా కలిసి ఒకే బృందంగా వచ్చి పని చూసి వెళ్లేవారు. డబ్బు ఎవరిదైనా పుస్తకం ఒకటే. తర్వాత వచ్చిన సర్వశిక్షా అభియాన్‌దీ అదే దారి.

ప్రపంచం ఈ పాఠాన్ని కాగితం మీద పెట్టింది 2005 మార్చిలో, పారిస్‌లో. దాతలూ గ్రహీతలూ కూర్చుని అయిదు మాటలు ఒప్పుకున్నారు. మన భాషలో చెప్పాలంటే... ఏం కావాలో తీసుకునేవాడు చెప్పాలి. ఇచ్చేవాడు వాళ్ల పద్ధతిలోనే ఇవ్వాలి. ఇచ్చేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఎంత ఖర్చయిందో కాదు, ఏం మారిందో చూడాలి. లెక్క ఇద్దరూ చెప్పాలి, తీసుకున్నవాడు ఒక్కడే కాదు.

వినడానికి ఎంత తేలిక! 2010కల్లా చేరుకోవాలని 13 లక్ష్యాలు పెట్టుకున్నారు. గడువయ్యాక చూస్తే ప్రపంచం మొత్తమ్మీద అందుకున్నది ఒక్కటే.

ఎందుకలా? మా వాట్సాప్ గ్రూపును అడగండి. ఎవరి బోర్డు వాళ్లకు కావాలి. 2004 సునామీ తర్వాత శ్రీలంకలో కొన్ని చోట్ల చేపల వేటకు కావల్సినవాటికన్నా ఎక్కువ పడవలొచ్చి పడ్డాయి. పడవ ఫొటోకు బాగుంటుంది, దాని మీద పేరూ రాసుకోవచ్చు. టాంజానియాలో అయితే విదేశీ బృందాల తాకిడి తట్టుకోలేక, బడ్జెట్ తయారుచేసుకునే కాలంలో దయచేసి రావొద్దని ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. రువాండా 2010లో ఇంకో అడుగు ముందుకేసి, ఒక్కో దాత మూడు రంగాలకు మించి వేలుపెట్టకూడదని పని పంచింది. ఇల్లుగలామె చుట్టాలకు వంటింట్లో పనులు పురమాయించినట్టు!

ఇంకో విదేశీ డబ్బు

మా ఇంటికి మరో విదేశీ డబ్బు కూడా వచ్చేది. మా బాపు పంపేది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. మస్కట్ అయినా కువైట్ అయినా మనకు అన్నీ ‘దుబాయే’. డీడీ వచ్చిన రోజు అవ్వ నోటుబుక్కు తీసేది. అప్పుకింత, ఎరువులకింత, నా ఫీజుకింత. వారానికోసారి ఎస్టీడీ బూతుకు ఫోన్. బాపు అడిగే మొదటి మాట ‘‘అందరు మంచిగున్నరా’’. రెండోది ‘‘పంపినయి దేనికైనయి’’.

పారిస్ ఒప్పందంలోని అయిదు మాటలూ ఆ నోటుబుక్కులో ఉన్నాయి. ఏం కావాలో అవ్వే చెప్పేది. లెక్క వారంవారం. ఫలితం కళ్లముందు. 2023-24లో విదేశాల్లోని మనవాళ్లు దేశానికి పంపిన డబ్బు 118 బిలియన్ డాలర్లకు పైనే. 2024లో ధనిక దేశాలన్నీ కలిసి ప్రపంచానికి చేసిన అధికారిక అభివృద్ధి సాయమే దాదాపు 212 బిలియన్లు. అందులో సగం కన్నా ఎక్కువన్నమాట, మన వలస కూలీలూ ఉద్యోగులూ కలిసి పంపింది!

కానీ ఇక్కడో మెలిక ఉంది. చెప్పుకోవడానికి కాస్త ఇబ్బందిగానూ ఉంది.

ఆరో తరగతికి నేను ఆ బడి మానేశాను. కోరుట్లలో ఇంగ్లిష్ మీడియం. పొద్దున్నే పసుపు రంగు వ్యాను. ఫీజు బాపు డబ్బు. మా వాడకట్టులో దుబాయ్ పైసలొచ్చే ఇళ్ల పిల్లలంతా అదే వ్యాను. అంటే, లండన్ డబ్బు ఊళ్లో బడిని బాగుచేస్తుంటే, దుబాయ్ డబ్బు ఆ బడిలోంచి పిల్లల్ని ఎక్కించుకుపోయింది. రెండూ పిల్లల చదువు కోసమే. రెంటికీ మంచి ఉద్దేశమే. ఒకదానికొకటి ఎదురు నిలిచాయి. చివరికి బడిలో మిగిలింది వ్యాను ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు. ఇవాళ నీళ్లు తాగకుండా కూర్చున్నది వాళ్ల పిల్లలే.

బాపును తప్పుపట్టలేను. ఎండలో మాడి పంపిన రూపాయి తన పిల్లల మీద పెట్టుకున్నాడు. కానీ ఈ రెండు దారులూ ఒక్కచోట కలిసేలా చూడాల్సినవాళ్లు ఎవరూ లేకపోయారు. సమన్వయం అంటే మీటింగు కాదు, ఆ కలయిక.

ఆర్డరు వస్తే సాంచె తిరుగుతది

మా మేనత్త ఇల్లు సిరిసిల్ల. నేతన్నల ఆత్మహత్యల వార్తలతో ఊరి పేరు పేపర్లకెక్కిన రోజులు ఆమె చూసింది. అప్పుడు వచ్చిపోయిన సాయాల గురించి అడిగితే ఒక్క మాటే అంటుంది. ‘‘ఇచ్చిన బియ్యం నెలకు ఒడిసినయి బిడ్డా. ఆర్డరొచ్చిన ఏడు సాంచె తిరిగింది.’’

2017లో బతుకమ్మ చీరల ఆర్డరు మొదలయ్యాక సిరిసిల్ల సాంచాలకు ఏడాదిలో కొన్ని నెలలు ఖాయంగా పని దొరికింది. వస్తుందో రాదో తెలియని ఏడు మళ్లీ అదే దిగులు. అంతర్జాతీయ సాయంలోనూ నిపుణులు పదేపదే చెప్పేది ఇదే. వచ్చే ఏడు ఎంత వస్తుందో తెలియని డబ్బుతో టీచరును పెట్టుకోలేం, నర్సును పెట్టుకోలేం. పెట్టెలు కొనగలం, పడవలు కొనగలం. లేదంటే వాటర్ ఫిల్టర్లు!

చెయ్యి తీసేశాక...

సాయం ఏదైనా ఓ రోజు ఆగుతుంది. 2003లో మన ప్రభుత్వం చిన్న దాతలను ఇక చాలన్నది. అమెరికా, బ్రిటన్, జర్మనీ, జపాన్, రష్యా, యూరోపియన్ యూనియన్... వీళ్ల దగ్గర మాత్రమే ద్వైపాక్షిక సాయం తీసుకుంటామంది. బ్రిటన్ 2015తో ఆర్థిక సాయం ముగించింది. అమెరికా సాయ సంస్థ యూఎస్ఎయిడ్ 2025 జులై 1తో విదేశీ సాయం అందించడం ఆపేసింది.

లండన్ డబ్బు ఆగిందని మన బళ్లు మూతపడ్డాయా? లేదు. అప్పటికే అది మన బడ్జెట్‌లో కలిసిన పని. మరి హైదరాబాద్‌లో 2021లో యూఎస్ఎయిడ్ అండతో ట్రాన్స్‌జెండర్ల కోసం మొదలైన క్లినిక్? 2025 మొదట్లో అమెరికా నిధులాపగానే మూతపడింది. ఇక్కడి దాతలు ముందుకొచ్చాకే మరో పేరుతో తలుపులు తెరుచుకున్నాయి. మధ్యలో మందులకోసం వచ్చినవాళ్లు తాళం చూసి తిరిగెళ్లారు. రెండింటికీ తేడా డబ్బు మొత్తంలో లేదు. ఇచ్చిన చెయ్యి తీసేశాక పట్టుకునే చెయ్యి ముందే సిద్ధంగా ఉందా లేదా అన్నదాంట్లో ఉంది.

మహిళా సంఘాలనూ చూడండి. డ్వాక్రా అన్నారు. ప్రపంచబ్యాంకు రుణంతో 2000లో ఆరు జిల్లాల్లో వెలుగు వచ్చింది. 2003 నుంచి రెండో విడతలో మన జిల్లాకూ వచ్చింది. తర్వాత ఇందిరా క్రాంతి పథం. బోర్డులు మారాయి, రంగులు మారాయి. మా అవ్వ మాత్రం అప్పుడూ ఇప్పుడూ ‘సంగం’ అనే అంటుంది. కొత్త పథకం వచ్చినప్పుడల్లా కొత్త సంఘం పెట్టకుండా ఉన్న సంఘాన్నే బలపరిచారు కాబట్టి అది నిలిచింది. 2011లో కేంద్రం జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ మొదలుపెట్టినప్పుడు మన సంఘాల అనుభవమే దానికి పెద్ద పాఠం.

ఇచ్చే ముందు

ఫిల్టరు సంగతి ఏమైందంటారా? హెడ్మాస్టరు మాట గ్రూపులో పెట్టాను. రెండు రోజులు వాదన. ‘‘జీతమిస్తే బోర్డెక్కడ పెడతం?’’ అన్నాడొకడు. నవ్వొచ్చింది కానీ ప్రశ్న నిజాయతీగానే అడిగాడు. చివరికి మూడు బ్యాచులు కలిశాయి. విడివిడిగా కాకుండా ఒకే ఖాతాలో, రెండేళ్ల జీతానికి సరిపడా వేశాం. ఆ తర్వాత ఎవరిస్తారన్నది ఇప్పుడే తేల్చమని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీని కోరాం. 2024లో వచ్చిన ఈ కమిటీలకు గ్రామ మహిళా సమాఖ్య అధ్యక్షురాలే చైర్‌పర్సన్, హెడ్మాస్టరు కన్వీనరు. ప్రపంచబ్యాంకు అప్పుతో బలపడిన సంఘం, బ్రిటన్ సాయం అందుకున్న బడి... ఇన్నేళ్లకు ఒకే బల్ల ముందు కూర్చున్నాయి. అక్కడున్నది దాతలు కాదు, తల్లులు.

మీరూ మీ ఊరికి ఏదైనా ఇవ్వాలనుకుంటే ముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఏం కావాలని అక్కడివాళ్లను అడిగామా? ఇంకెవరు ఇస్తున్నారో కనుక్కున్నామా? మనం మానేశాక ఎవరు నడుపుతారు? మన పేరు లేకపోయినా ఇస్తామా?

నాలుగోదే కష్టం. మా ఊళ్లో ఒక బ్యాచ్ మాత్రం ఎవరి మాటా వినకుండా ఫిల్టరు తెచ్చి బిగించింది. బోర్డుతో సహా. హెడ్మాస్టరు దండ వేయించుకుని, ఫొటో దిగి, వాళ్లను సాగనంపి నాకు ఫోన్ చేశారు.

‘‘మూడోది కూడ వచ్చింది. పోనీ తీయండ్రి. ఆమె మాత్రం రోజు వస్తున్నది. పిల్లలు నీళ్లు తాగుతున్నరు.’’