చైనా పార్సిల్ తెప్పించే ముందు...

సాయంత్రం ఆరు దాటిందంటే చాలు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం - ఏ ఊరి బజారుకు వెళ్లినా అదే సందడి. భగభగమండే స్టవ్వు మీద నల్లటి బాణలి, టకటకమని గరిటె చప్పుడు, వీధి చివరిదాకా సోయా సాస్ ఘుమఘుమ. ఇంట్లో పిల్లలేమో ‘అమ్మా, ఈ ఒక్కరోజుకీ సంగటి వద్దు, గోబీ తెప్పించవా?’ అని కొంగు పట్టుకుంటారు. వద్దంటే వాళ్ల అలక, సరేనంటే మీకు బెంగ. రోజూ ఈ రభస పడేకంటే మంచి బండి ఏదో పోల్చుకోవడం నేర్చుకుంటే పోలేదా? వంటింట్లో ఇన్నేళ్లు గరిటె తిప్పిన చేతికి అదేం బ్రహ్మవిద్య కాదు.

అసలు ఈ మంచూరియా చైనా వంట అనుకుంటాం గానీ, పుట్టింది మన దేశంలోనే. 1975లో ముంబైలో నెల్సన్ వాంగ్ అనే వంటమాస్టరు మొదటిసారి చేశారని చెబుతారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మన పోపుకున్నవే. మసాలాకు బదులు సోయా సాస్, చిక్కదనానికి కార్న్‌ఫ్లోర్ వచ్చి చేరాయి, అంతే.

ముందుగా చూడాల్సింది రంగు. 2024లో మన పక్కనున్న కర్ణాటకలో 171 చోట్ల గోబీ మంచూరియా తీసుకుని పరీక్ష చేయిస్తే, 107 నమూనాల్లో కృత్రిమ రంగులు బయటపడ్డాయి. ఆ మార్చి నెలలోనే అక్కడి ప్రభుత్వం గోబీలో, పీచుమిఠాయిలో అలాంటి రంగులు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. కాలీఫ్లవర్ ఎంత వేయించినా కుంకుమలా మెరవదు కదండీ! బ్యాడిగి మిరపకాయతో వచ్చే ఎరుపు ఇటుక రంగులో ఉంటుంది. తిన్నాక వేళ్లకు అంటిన ఎరుపు సబ్బుతో రుద్దినా వదలకపోతే, ఆ బండిని అనుమానించాల్సిందే.

రెండోది నూనె. బాణలిలో నూనె నల్లగా, జిగురుగా, నురగలు కక్కుతూ ఉంటే వెనక్కి తిరిగి వచ్చేయండి. కాచిన నూనెను మూడుసార్లకు మించి వాడవద్దని ఆహార భద్రతా సంస్థ వాళ్లు కూడా చెబుతున్నారు.

మూడోది చాలామంది పట్టించుకోనిది, అన్నం. ఫ్రైడ్ రైస్‌కి పొద్దున వండిన అన్నాన్ని రాత్రిదాకా బేసిన్‌లో మూతపెట్టి ఉంచుతారు కొందరు. అలా గంటల తరబడి బయట ఉన్న అన్నంలో ఒక రకం సూక్ష్మక్రిములు పెరిగి విషం వదులుతాయి. తర్వాత ఎంత మంట మీద వేయించినా ఆ విషం పోదు. వాంతులు, విరేచనాలు అందుకే. ‘అన్నం ఎప్పుడు వండావన్నా?’ అని అడగడానికి మొహమాటం వద్దు. బేరం బాగా జరిగే బండి దగ్గర, అదీ సాయంత్రం పెందలాడే తీసుకోవడం మంచిది.

ఇక అజినొమోటో. ఆ పేరు వింటేనే చాలామంది హడలిపోతారు. 1908లో జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెడా సముద్రపు నాచులోంచి దాని రుచిని కనిపెట్టారు. ఆ రుచినిచ్చే గ్లూటమేట్ మన మదనపల్లె మార్కెట్లో గుట్టలు పోసే పండు టమాటాలోనూ సహజంగా ఉంటుంది! కాబట్టి చిటికెడుకు భయపడనక్కర్లేదు. భయపడాల్సింది ఉప్పుకి. సోయా సాస్‌లో ఉప్పు, పైన మళ్లీ ఉప్పు. ఇంట్లో బీపీ ఉన్న అత్తమామలుంటే వాళ్లకు ఈ పార్సిల్ పెట్టకండి.

పార్సిల్‌కి ఇంటి నుంచే స్టీలు డబ్బా పంపండి. వేడివేడి గోబీని న్యూస్‌పేపర్లో చుడితే సిరా కూడా కడుపులోకే పోతుంది. అన్నట్టు, చిన్న బండికైనా 14 అంకెల ఆహార రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, గమనించండి.

టీవీల్లో చూసి ‘సుషీ ఎక్కడ దొరుకుతుంది?’ అని అడిగే పిల్లలూ ఇప్పుడు తయారయ్యారు. సుషీ అంటే పచ్చి చేప అనుకుంటాం, కానీ దానికి ప్రాణం వెనిగర్ కలిపిన అన్నమే. పచ్చిగా తినే చేపను పురుగులు చచ్చేలా బాగా గడ్డకట్టించి ఉంచాలి. సముద్రానికి ఇంత దూరాన ఉన్న మనకు ఐసు పెట్టెలో వచ్చే చేప పులుసుకే గానీ పచ్చిగా తినడానికి పనికిరాదు. అందుకని ఇంట్లోనే కూరగాయలతో చేసిపెట్టండి. కొత్త బియ్యం ఒక గ్లాసు మెత్తగా వండి, రెండు చెంచాల వెనిగర్, చెంచా చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి ఆరనివ్వండి. బెంగళూరు వెళ్లినవాళ్లతో నోరి అనే నాచు రేకులు తెప్పించుకుని, వాటి మీద ఆ అన్నం పలచగా పరిచి, సన్నగా తరిగిన కీరా, క్యారెట్ ముక్కలు పెట్టి, చాపలా చుట్టి కోయండి. చేసిన పూటే తినేయాలి సుమా! నిమ్మకాయ పులిహోర తిన్న నోటికి పుల్లటి అన్నం కొత్తేమీ కాదు.

చివరిగా ఒక్క మాట. బండి పెట్టుకున్నవాళ్లదీ బతుకు పోరాటమే. పోట్లాడొద్దు. ‘అన్నా, రంగు లేకుండా చేసివ్వు, పిల్లలకు’ అని నవ్వుతూ అడగండి. మీరొక్కరే అడిగితే వినకపోవచ్చు. మీ వీధిలో పదిళ్ల ఆడవాళ్లూ అదే మాట అడిగారనుకోండి, రంగు డబ్బా ఎన్నాళ్లుంటుంది ఆ బండి మీద? ఎర్రగా ఉంటేనే జనం కొంటారని కదా అతను వేస్తున్నది! కొనేది మనమే కాబట్టి, మాన్పించగలిగేదీ మనమే. ఏమంటారు?