వంకలు పెట్టే నోళ్లూ, తీయని వీడియోలూ

"నాకు పర్ఫెక్షన్ ఎక్కువక్కా. అంతా సరిగ్గా కుదిరాక పెడతా."

ఈ మాట ఇప్పటికి ఎంతమంది నోట విన్నానో లెక్కలేదు. మన కదిరిలోనే కాదు, హిందూపురంలో, ధర్మవరంలో కూడా ఇంట్లో ఏదో ఒకటి చేసి అమ్ముకునే ఆడవాళ్లకు కొదవ లేదు. నిప్పట్లు, శెనక్కాయ ఉండలు, ఓళిగలు, ఊరుబిండి, రాగిపిండి, బ్లౌజులకు మగ్గం వర్కు, పట్టుచీరలకు కుచ్చులు. చేతిలో పని ఉంది, సరుకులో నాణ్యం ఉంది, ఫోనూ ఉంది. చిన్న వీడియో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టమ్మా అంటే మాత్రం ఈ పర్ఫెక్షన్ అడ్డొస్తుంది. సంక్రాంతి నుంచి నరసింహస్వామి తేరుకి, తేరు నుంచి ఉగాదికి, అక్కణ్ణుంచి శ్రావణ మాసానికి వాయిదా పడుతూ ఉంటుంది. పండగలన్నీ అయిపోతాయి. పండగ ఆర్డర్లు ఇంకెవరికో పోతాయి.

పర్ఫెక్షన్ అనేది చాలా గొప్ప గుణమన్నట్టు చెప్పుకుంటున్నాం చూడండీ, నా గొడవ దాంతోనే. అది గొప్ప గుణమూ కాదు, మనకు పుట్టుకతో వచ్చిందీ కాదు.

వీడియోకి ఏం తక్కువైందని అడిగి చూడండి. గోడకి సున్నం పెచ్చులూడింది, స్టవ్ పాతది, గొంతు బాగోదు, చేతులు నల్లగా పడుతున్నాయి, మాట యాసగా వస్తుంది. ఇవే వస్తాయి. నిప్పట్టు మెత్తబడిందనో, ఉండలో బెల్లం తక్కువైందనో ఒక్కరూ అనరు. అంటే సరుకు గురించి ఆమెకి అనుమానమే లేదు. అనుమానమంతా తన మీద, తన ఇంటి మీద. సరుకు కొనే మనిషి ఆ గోడ వైపు చూడనే చూడదు. మరి చూసేదెవరు? స్టేటస్ ఎవరెవరు చూశారో పేర్లు వస్తాయి కదా, ఆ పేర్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆడపడుచు, తోడికోడలు, అత్తగారి చెల్లెలు, పక్కింటావిడ. మన గుండె జారేది ఆ పేర్లు చూసే. వాళ్లలో డబ్బిచ్చి అరకిలో నిప్పట్లు కొన్నవాళ్లు ఎందరు?

ఈ భయం ఎక్కడ నేర్చుకున్నాం? వంటింట్లోనే. ఇరవై ఏళ్లు రోజుకి మూడు పూటలు వండితే, బాగున్న రోజు కంచం ఖాళీ చేసి లేచి వెళ్లిపోతారు. ఉప్పు తగ్గిన రోజు మాత్రం ఇంటిల్లిపాదికీ మాటలొస్తాయి. చుట్టాలొస్తే సాంబారు పలుచనైందని ఒకరు, పోయిన్సారి చేసినట్టు లేదని ఒకరు. ఏ పనైనా జనం ముందు పెట్టడమంటే పరీక్షకు కూర్చోవడమేనని అలా మన ఒంటికి పట్టేసింది. ఇన్నేళ్లుగా తప్పులు మాత్రమే లెక్కపెట్టిన ఇల్లు, ఈ రోజు "ధైర్యంగా పెట్టొచ్చు కదా, నీకే నమ్మకం లేదు" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

అదే మగవాళ్లని చూడండి. బజారులో అక్షరాల తప్పుల్లేని బోర్డు ఎన్ని షాపులకుంది? బండి మీద మామిడిపండ్లు అమ్మే అతను మైకులో రికార్డు చేసి వదిలే గొంతు ఎట్లుంటుందో మనకు తెలియదా? గీరగీరమని వినిపిస్తుంది, అయినా గేటు దాకా వెళ్లి కొంటాం. గొంతు బాగుచేసుకుని వచ్చి అమ్ము నాయనా అని ఎవరూ అనలేదు.

యూట్యూబ్‌లో మన తెలుగు ఆడవాళ్లలో లోకమంతా చూసింది ఎవరిని? గుంటూరు జిల్లా పల్లెలో ఉండిన మస్తానమ్మని. నూరేళ్లు దాటిన మనిషని చెప్పేవారు. 2016లో 'కంట్రీ ఫుడ్స్' ఛానల్‌లో వంకాయ కూరతో మొదలుపెట్టింది. నేల మీద కూర్చుని, కట్టెల పొయ్యి మీద, ఆరుబయట వంట. అల్లం పొట్టు గోళ్లతోనే తీసేది. బడికి పోయింది లేదు, నోట్లో పళ్లు లేవు. 2018 డిసెంబరులో ఆమె పోయేనాటికి ఆ ఛానల్‌ని పది లక్షల మందికి పైగా అనుసరిస్తున్నారు. ఇక గంగవ్వ. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో పొలం పనులు, బీడీలు చేసుకుంటూ బతికిన మనిషి. చదవడం రాదు కాబట్టి 'మై విలేజ్ షో'లో మాటలు చెప్పిస్తే విని, తన యాసలో తను చెప్పింది. 2020లో బిగ్ బాస్ ఇంటి దాకా వెళ్లింది.

వీళ్ల పేర్లు చెప్పి "చూశారా, మనమూ చేయగలం" అని చప్పట్లు కొట్టించేవాళ్లు చాలామంది ఉన్నారు. ఒక్క విషయం మాత్రం దాటేస్తారు. ఈ ఇద్దరూ ఒంటరిగా ఫోను పట్టుకుని కుస్తీ పడలేదు. మస్తానమ్మకి మునిమనవడు, అతని స్నేహితుడు కెమెరా పట్టారు. గంగవ్వకి అల్లుడు శ్రీరామ్ శ్రీకాంత్, ఆయన బృందం ఉన్నారు. ఇంట్లోవాళ్లు వంకలు పెట్టకుండా తీశారు. అవ్వ ఎట్లుంటే అట్లే తీశారు. మన ఇళ్లలో ఆ కెమెరా పట్టే చెయ్యి ఏదీ? ఇంటర్ చదివే కొడుకు, "మమ్మీ, నైటీలోనా? మా ఫ్రెండ్స్ చూస్తారు" అంటాడు. భర్త, "ఇదంతా మనకెందుకు" అంటాడు. ఆన్‌లైన్ క్లాసులో మేడమ్ మాత్రం "మీ లోపలి భయాన్ని జయించండి" అని చెప్పి ఫీజు తీసుకుంటుంది. భయం లోపల పుట్టిందైతే కదా లోపల జయించడానికి!

ఆ క్లాసుల సంగతి ఎత్తాను కాబట్టి ఇంకో మాట. రింగ్ లైటు కొనండి, మైకు కొనండి, ఫలానా యాప్ కొనండి, అప్పుడే వీడియో నిలబడుతుందంటారు. ఇంకా ఒక్క రూపాయి రాకముందే వేలు ఖర్చు. పైగా మనకి కొత్తగా ఇంకో లోటు చూపించారన్నమాట. పొద్దున ఎనిమిదింటికి గడప దగ్గర పడే వెలుతురు కంటే మంచి లైటు నేను చూడలేదు.

ఇప్పుడు యాస. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. మనతో "శెనక్కాయలు ఏంచి, బెల్లం పాకం పట్టి" అని గలగలా చెప్పే మనిషి, ఫోను ఎదురుగా పెట్టగానే "వేరుశనగ గింజలను దోరగా వేయించుకోవలెను" అని మొదలుపెడుతుంది. నిప్పట్లు చెక్కలైపోతాయి, ఓళిగలు బొబ్బట్లైపోతాయి. సినిమాల్లో మన యాసని బాంబులేసే వాళ్లకీ, నవ్వించే వాళ్లకీ అంటగట్టి అంటగట్టి, మన మాట మనకే తక్కువగా వినిపించేలా చేశారు. కానీ మన సరుకు కొనేదెవరు? బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన పిల్లలు. మన ఇంటి నిప్పట్టు కోసం వెతికేది వాళ్లే. "నిప్పట్లు" అన్న మాట చెవిన పడగానే వాళ్లకి ఇల్లు గుర్తొస్తుంది. దాన్ని తీసేసి పుస్తకంలో మాట పెడితే వాళ్లు కొనడానికి కారణం ఏముంటుంది?

చెప్పుకోవలసింది మనకి చాలా ఉంది, చెప్పడమే లేదు. కదిరి-6 అనే శెనక్కాయ రకం మన ఊరి వ్యవసాయ పరిశోధనా కేంద్రం నుంచి వచ్చింది. ఎన్నో రాష్ట్రాల్లో పండిస్తారు. ఈ ఊళ్లో ఉండి శెనక్కాయ ఉండలు అమ్ముతూ ఆ మాట ఒక్క వీడియోలోనూ చెప్పరు. స్టవ్ తుడవడంలోనే పుణ్యకాలం గడిచిపోతుంది.

అంటే ఏదిబడితే అది పెట్టేయమని కాదు. పట్టుదల చూపించాల్సిన చోటు వేరే ఉంది. నూనె మళ్లీ మళ్లీ కాచింది కాకూడదు. తూకం గ్రాము తగ్గకూడదు. ప్యాకెట్ మీద తయారైన తేదీ, ఎన్నాళ్లు నిలవుంటుందో, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉండాలి. చీరలు అమ్మేవాళ్లు ఫిల్టర్ వేయకుండా పగటి వెలుతురులో తీయాలి. వీడియోలో మెరిసిన వంగపండు రంగు పార్సిల్ విప్పగానే గోధుమ రంగైతే చీర వెనక్కి వస్తుంది, పేరూ పోతుంది. ధర్మవరం చేతిమగ్గం చీరని దగ్గరగా చూస్తే అక్కడక్కడా పోగు కొంచెం హెచ్చుతగ్గుగా కనిపిస్తుంది. తెలిసినవాళ్లు అది చూసే మరమగ్గం కాదని నమ్మి కొంటారు. ఆ పోగుని దగ్గరగా చూపించండి, దాచకండి.

ముఖం చూపించాలంటే భయం అంటారు కొందరు. దాన్ని నేను పర్ఫెక్షన్‌లో కలపను, అది నిజమైన భయం. ఫోటోలు ఎవరు ఎక్కడ వాడతారో, కింద ఎవరు ఏం రాస్తారో అన్న జంకు ఆడవాళ్లకి ఉండి తీరుతుంది. అలాంటప్పుడు చేతులు మాత్రమే చూపించండి, గొంతు వినిపిస్తే చాలు. వ్యాపారానికి వేరే నంబరు పెట్టుకోండి. వాట్సాప్‌లో స్టేటస్ ఎవరికి కనిపించకూడదో ఎంచుకునే వీలుంది, తెలుసా? గుండె జారే ఆ నాలుగు పేర్లనీ అందులో వేసేయండి. పెళ్లిలో కలిసినప్పుడు బాగానే పలకరించుకోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ దాచిపెట్టేది మాత్రం ధర. వీడియో పెట్టినవాళ్లు కూడా "రేటు కోసం మెసేజ్ చేయండి" అంటారు. బియ్యప్పిండి, శెనక్కాయలు, నూనె, గ్యాసు లెక్కేసి, తన రెండు గంటల పనికి ఏమీ వేసుకోదు. వేసుకుంటే "ఇంట్లో కూర్చుని చేసేదానికి ఇంత రేటా?" అంటారని బెదురు. అదే మనిషి బేకరీలో బిల్లు చూసి మారుమాట్లాడకుండా ఇస్తుంది. కిలో ఎంతో వీడియోలోనే చెప్పండి, మీ కూలి కూడా కలిపి చెప్పండి. "అంతనా?" అని అడుగుతారు. అంతే అని చెప్పండి.