మూసీకి బ్యాండ్ కడితే

వీకెండ్‌కి మా టీమ్ గోవా ప్లాన్ వేస్తోంది. నేనేమో శాలిబండలో ల్యాప్‌టాప్ ముందేసుకుని మూసీ వరదకి బ్యాండ్ మ్యూజిక్ రాస్తున్నా. నవ్వకండి, సీరియస్.

1908 సెప్టెంబర్ 28. మూసీ పొంగిన రోజు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు. అదే వరదలో తల్లిని, భార్యని, కూతుర్ని పోగొట్టుకున్న కవి అమ్జద్ హైదరాబాదీ తర్వాత ‘ఖయామతె సుగ్రా’ రాశాడు. అంటే చిన్న ప్రళయం. ఇల్లంతా కొట్టుకుపోతే దాన్ని చిన్నది అన్నాడా మనిషి! అక్కడే ఆగిపోయా.

క్లారినెట్లు వాన, ట్రంపెట్లు అరుపులు, కింద యుఫోనియం నది. పదహారు బార్లు ఒకటే స్వరం, ఆపకుండా. హెడ్‌ఫోన్స్‌లో వింటే నాకే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ప్రింటు తీసుకుని మా గల్లీ బారాత్ బ్యాండ్ ఉస్తాద్ దగ్గరికెళ్లా.

ఆయన కాగితం చూసి, “బేటా, ఇది వాయించేటోడు ఊపిరెప్పుడు తీసుకోవాలె?” అన్నాడు.

సాఫ్ట్‌వేర్‌కి ఊపిరితిత్తులుండవు కదా, నాకు తట్టలేదు. ఇద్దరు యుఫోనియం వాళ్లుంటే వంతులవారీగా ఊపిరి తీసుకోవచ్చు. ఇక్కడున్నది ఒక్కడే. సీజన్లన్నీ డీజేలు ఎత్తుకుపోయాక మిగిలింది ఆ ఒక్కడే.

“అయినా నీళ్లు గిట్ల గీత గీసినట్టు వస్తయా? తోసుకుంట తోసుకుంట వస్తయ్,” అన్నాడు ఉస్తాద్. టేబుల్ మీద మర్ఫా దెబ్బ కొట్టి చూపించాడు. నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లో పనిచేసిన సిద్దీల వారసులు, బార్కస్ అరబ్బులు నిలబెట్టిన దరువది. మన పెళ్లిళ్లలో వింటూనే ఉంటాం. యుఫోనియం ఊపిరి తీసుకునే ఖాళీలో ఆ దెబ్బ పడితే నది ఆగినట్టు లేదు, మీదికొచ్చినట్టుంది.

పర్సీ గ్రైంజర్ 1937లో ఇంగ్లండ్ పల్లెపాటలతో ‘లింకన్‌షైర్ పోజీ’ అనే బ్యాండ్ రచన చేశాడు. పాడినవాళ్లు ఎక్కడ సాగదీశారో, ఎక్కడ తొందరపడ్డారో, ఆ నడకనే కాగితం మీదికి తెచ్చాడు. నేనేమో నా నది ముందే గీసేసి, మనుషుల్ని అందులో ఇరికించబోయా.

పదహారు బార్లూ కొట్టేసి మళ్లీ రాశా. బారాత్‌లో వరద పాట ఎవరడుగుతారని ఉస్తాద్‌నే అడిగితే, “ముందు మనం విందాం” అన్నాడు.

ఈ ఆదివారం బారాత్ అయ్యాక, రాత్రి పదకొండున్నరకి రిహార్సల్. యుఫోనియం భాయ్‌కి పెట్టిన మెసేజ్‌కి పొద్దున్నుంచీ బ్లూ టిక్ పడలేదు.