ఎండలకు కాదు, యాడీ

మా రామగుండంలో ఎవరికి చెమటలు పోసినా అందరి జవాబు ఒకటే: "ఎండలట్లున్నయ్ మరి." మే నెలలో 46 డిగ్రీలు దాటే ఊరు కదా. అమ్మకూ అదే చెప్పాం. కానీ డిసెంబర్‌లో కూడా అర్ధరాత్రి లేచి, దుప్పటి తీసేసి వాకిట్లో కూర్చుంటుంటే నాకు అనుమానమొచ్చింది.

మేం లంబాడీలం. అమ్మను యాడి అంటాం. గోదావరిఖని మార్కెట్లో తెలుగులో గలగలా బేరం చేస్తది. ఒంటి సంగతికొస్తే మాత్రం లంబాడీ తప్ప నోట మాట రాదు. దవాఖానకు నేనే తోడు పోయిన. "నెలసరి ఆగి ఎన్నాళ్లయింది?" అని అడిగింది డాక్టరమ్మ. అమ్మ నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూసిన. కొడుకు మధ్యలో ఉండి తర్జుమా చేసే ప్రశ్నా అది! "అంతా మంచిగనే ఉంది" అంది అమ్మ. బలం గోలీలు రాసి పంపారు.

తండాలో చుట్టాలేమో "గర్భసంచి తీయించుకో, పీడ పోతది" అన్నారు. అక్కడే నాకు భయమేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో సుమారు 3 శాతమైతే మన తెలంగాణలో 8 శాతం దాకా ఉన్నారు. అనవసర ఆపరేషన్లు ఆపే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా. అసలు గర్భసంచి తీస్తే ఈ వేడి ఆవిర్లు ఆగవు. ఈస్ట్రోజన్ తగ్గడం వల్ల వచ్చేవి అవి. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఒక్కసారిగా ఉడిగి ఇంకా ఎక్కువవుతాయి. (ముట్లుడిగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడితే మాత్రం ఆలస్యం చేయొద్దు, అది వేరే సంగతి.)

తెలుగులో ఈ సంగతి చెప్పే కరపత్రాలు ఎన్ని వేసినా మా తండాకు చేరవు. లంబాడీకి సొంత లిపి లేదు, అమ్మకు చదువు రాదు. గొంతు కావాలి. మనం హ్యాకథాన్లలో పీరియడ్ యాప్‌లు చేస్తాం, అవన్నీ మన వయసు అమ్మాయిలకే. లంబాడీలో, గోండిలో, కోయలో రెండేసి నిమిషాల ఆడియోలు రికార్డు చేసి ఆశా కార్యకర్తల ఫోన్లలో వేయడానికి ఏం కష్టం? దవాఖానలో ఆ భాష తెలిసిన ఒక్క ఆడమనిషిని పెట్టడం ప్రభుత్వం పని, అది అడగాల్సిందే.

పోయిన నెల పెద్దమ్మ కూతుర్ని తోడు పంపాం. నన్ను బయట బెంచీ మీద కూర్చోమన్నారు. లోపల అరగంట పట్టింది. యాడి ఏం చెప్పిందో నేనడగలేదు.