తెలుగొచ్చి ఏం లాభం, జపనీస్‌ని ఇంగ్లీషులో నేర్చుకుంటే?

జపనీస్ నేర్చుకుంటున్న మన సాఫ్ట్‌వేర్ జనాలతో నాకో పేచీ ఉంది.

జేఎల్‌పీటీ పరీక్షలో అన్నిటికన్నా పై మెట్టు ఎన్‌1. ఆ పుస్తకాల్లో "త తొకొరొదె" అనే ప్రయోగం ఒకటి ఉంటుంది. ఫలానా పని చేసినా ఒరిగేదేమీ లేదు అని చెప్పడానికి వాడతారు. మనవాళ్లు దాని పక్కన "ఈవెన్ ఇఫ్" అని రాసుకుని, బట్టీ కొట్టి, పేజీ తిప్పేస్తారు. నేనూ అదే చేశా. చేసి దెబ్బతిన్నా.

ఓ ప్రాజెక్టు ఆలస్యమవుతోంది. మీటింగులో క్లయింటు మేనేజరు "ఇమ కర హితొ ఒ ఫుయషిత తొకొరొదె, మనియవనై" అన్నాడు. నా బుర్రలో "ఈవెన్ ఇఫ్" వెలిగింది. ఓహో, జనాన్ని పెంచుతున్నారు కానీ అదీ చాలదన్నమాట అనుకుని, "ఎంతమందిని పెంచుతున్నారు?" అని అడిగేశా. అందరూ నా మొహం చూశారు. ఆయన అన్నది "ఇప్పుడు మనుషుల్ని పెంచినంత మాత్రాన టైముకి అయిపోతుందా?" అని! 1975లో ఫ్రెడ్ బ్రూక్స్ కూడా, ఆలస్యమైన ప్రాజెక్టులో జనాన్ని పెంచితే ఇంకా ఆలస్యమవుతుందనే కదా రాశాడు.

చూశారా, "-నంత మాత్రాన". మన దగ్గర ఉన్నదే. "ఫుయషిత" అంటే పెంచిన, "తొకొరొ" అంటే చోటు. భూతకాల క్రియ, దాని వెనక ఓ నామవాచకం, ఆ వెనక విభక్తి. మన కట్టుబడే.

నమ్మకపోతే ఓ పరీక్ష. "వానొచ్చినా వెళ్తా" అనొచ్చు. జపనీస్‌లో దీనికి "తె మొ" వాడతారు. "వానొచ్చినంత మాత్రాన వెళ్తా" అంటామా? అనం. "వానొచ్చినంత మాత్రాన ఆగుతానా?" అనాలి. జపనీస్‌లో కూడా అక్కడ "త తొకొరొదె" పెట్టి "వెళ్తా" అంటే కుదరదు. ఈ తేడా మన ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. "ఈవెన్ ఇఫ్" మాత్రం రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంది.

అన్నీ అచ్చు గుద్దినట్టు సరిపోతాయని కాదు. "పెంచినంత మాత్రాన అయిందా?" అని మనం జరిగిపోయినదాన్ని కూడా దెప్పుతాం. జపనీస్‌లో ఆ రెండో సగం భూతకాలంలో రాదు. కానీ ఆ ఒక్క తేడా గుర్తుపెట్టుకోవడం సులువా, మొత్తం ప్రయోగాన్ని పరాయి భాషలోంచి గుడ్డిగా తవ్వుకోవడం సులువా?

పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి కదా అంటారు. ఉండనివ్వండి, మార్జిన్ మీదే కదా! ఇంగ్లీషు అర్థం కొట్టేసి మీ అమ్మ అయితే ఆ మాట ఎలా అనేదో అక్కడ రాసుకోండి. తెలుగు మనకి ఉద్యోగం ఇవ్వదని చిన్నప్పటి నుంచీ విని విని, అది దేనికీ పనికిరాదని మనమే తీర్మానించేసుకున్నాం. టోక్యో మీటింగులో నా పరువు కాపాడగలిగింది అదొక్కటే. నేనే దాన్ని బయట నిలబెట్టి వెళ్లా.